డక్టు టైపు పేరులో గేజి రాసిన పాపం: ఒక కేస్ స్టడీ

ఒక భవనంలో గాలిని మోసే డక్టులకు షాప్ డ్రాయింగుల (తయారీ కోసం గీసే వివరమైన బొమ్మల) పని మొదలైన రెండో వారంలో, వాటిని తయారుచేసే ఫాబ్రికేటర్ నుంచి ఒక ప్రశ్న వచ్చింది. "మూడో అంతస్తు కిచెన్ ఎగ్జాస్ట్ డక్టు మీ షెడ్యూల్‌లో జీఐ 22 గేజి అని ఉంది. స్పెసిఫికేషన్‌లో మైల్డ్ స్టీల్, 1.6 మి.మీ., అతుకులన్నీ వెల్డింగు అని ఉంది. ఏది చేయమంటారు?"

జీఐ అంటే జింకు పూత ఉన్న (గాల్వనైజ్డ్) ఉక్కు షీటు, గేజి అంటే షీటు మందాన్ని చెప్పే అంకె, షెడ్యూల్ అంటే మోడల్ నుంచి తీసే డక్టుల పట్టిక. స్పెసిఫికేషన్ ప్రకారమే చేయండి అని ఒక్క ముక్కలో జవాబు రాసి ఊరుకోవచ్చు. రాశాను కూడా. జవాబు పంపాక అసలు చిక్కు ఎదురైంది. ఈ డక్టు తప్పని వారు పట్టుకున్నారు సరే, వారు అడగని మిగతా డక్టుల సంగతేమిటి? ఆ షెడ్యూల్ మా మోడల్ నుంచి వచ్చింది. మోడల్‌లో మెకానికల్ భాగానికి బాధ్యుణ్ణి నేను. మోడల్ మొదలుపెట్టడానికి వాడే టెంప్లేటు తయారుచేసిందీ నేనే. కాబట్టి ఈ కథలో దొంగను వెతికే శ్రమ లేదు.

భవనం మామూలుదే. కింద పార్కింగు, పైన ఆఫీసులు, మూడో అంతస్తులో పెద్ద క్యాంటీను, చివరి అంతస్తులో చిన్న పరీక్షల ల్యాబు. ఈ నాలుగు చోట్లా గాలి స్వభావం వేరు. ఆఫీసుల్లో చల్లగాలి, క్యాంటీనులో నూనె ఆవిరి, ల్యాబులో రసాయన వాయువులు, పార్కింగులో పొగ. అందువల్ల షీటు కూడా వేరుగా ఉండాలి. స్పెసిఫికేషన్ రాసినాయన ఈ తేడాలన్నీ శ్రద్ధగా రాశారు. ఆ రాసింది మోడల్‌లోకి చేరలేదు.

రెవిట్ డక్టును ఎలా చూస్తుంది

మేము వాడింది రెవిట్, భవనాల త్రీడీ మోడల్ తయారుచేసే సాఫ్ట్‌వేర్. అందులో పైపులకూ డక్టులకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. కొత్తగా చేరినవారు మొదట తడబడేది ఇక్కడే. పైపుకు సెగ్మెంట్ అని ఒకటి ఉంటుంది. రాగి, పీవీసీ, కార్బన్ స్టీల్ వంటి మెటీరియల్, దాని షెడ్యూల్ తరగతి (గోడ మందం తరగతి), గరుకుదనం, దొరికే సైజుల పట్టిక అన్నీ అందులో కలిసి ఉంటాయి. పైపు గీస్తే మెటీరియల్ తనంతట తనే వెంట వస్తుంది. డక్టుకు ఈ సెగ్మెంట్ లేదు. సైజుల జాబితా గుండ్రం, దీర్ఘచతురస్రం, ఓవల్ అనే ఆకారాన్ని బట్టి మెకానికల్ సెట్టింగుల్లో ఉంటుంది, మెటీరియల్‌ను బట్టి కాదు. డక్టు టైపులో గరుకుదనం ఉంటుంది. మలుపులో ఏ ఎల్బో, చీలికలో ఏ టీ, సైజు మారే చోట ఏ ట్రాన్సిషన్ వాడాలో చెప్పే రూటింగ్ ప్రిఫరెన్సెస్ ఉంటాయి. ఈ డక్టు దేనితో చేసింది అన్న ప్రశ్నకు సూటిగా జవాబిచ్చే గడి మాత్రం ఉండదు.

మెటీరియల్ అని పేరున్న గడి ఒకటి కనిపిస్తుంది, అది డక్టు సిస్టమ్ టైపులో ఉంటుంది. సప్లై ఎయిర్, రిటర్న్ ఎయిర్, ఎగ్జాస్ట్ ఎయిర్ అనే చోట. దాని పని బొమ్మలో డక్టు ఏ రంగులో, ఏ మెరుపుతో కనిపించాలో చెప్పడం. టెంప్లేటు చేసేటప్పుడు నేను అక్కడ గాల్వనైజ్డ్ అని పెట్టి మెటీరియల్ పని అయిపోయిందనుకున్నాను. త్రీడీ వ్యూలో డక్టులన్నీ ముచ్చటగా మెరిశాయి. కిచెన్ ఎగ్జాస్ట్, టాయిలెట్ ఎగ్జాస్ట్, ల్యాబు ఎగ్జాస్ట్ మూడూ ఎగ్జాస్ట్ ఎయిర్ అనే ఒకే సిస్టమ్ టైపు కింద ఉన్నాయి. అందువల్ల మూడూ జీఐగానే మెరిశాయి.

మరి షెడ్యూల్‌లో గేజి ఎలా వచ్చింది? టైపు పేరు నుంచి. "జీఐ 24 గేజి", "జీఐ 22 గేజి", "జీఐ 20 గేజి" అని మూడు డక్టు టైపులు చేసి పెట్టాను. డ్రాఫ్టింగు బృందం డక్టు గీసేటప్పుడు అందులో ఒకటి ఎంచుకుంటుంది. షెడ్యూల్‌లో టైపు నిలువు వరుసకు "మెటీరియల్, గేజి" అని శీర్షిక మార్చాను. చూడటానికి బాగుంది. లోపల ఉన్నది మాత్రం ఒక పేరే.

ఒక డక్టు కథ

పేరును నమ్ముకుంటే ఏమవుతుందో చెప్పడానికి కిచెన్ దాకా వెళ్ళనక్కర లేదు. రెండో అంతస్తు కారిడార్‌లో ఒక సప్లై డక్టు ఉంది. మొదట 700×400 మి.మీ. అని గీశారు, టైపు "జీఐ 24 గేజి". మా స్పెసిఫికేషన్‌లో 500 పాస్కల్ ప్రెజర్ క్లాసుకు (డక్టు తట్టుకోవాల్సిన గాలి పీడనం), స్టిఫెనర్లు (షీటు ఉబ్బకుండా ఆపే పట్టీలు) 1200 మి.మీ. ఎడంలో ఉంటే, పొడవైన భుజం 750 దాకా 0.70 మి.మీ. షీటు, 1350 దాకా 0.85, ఆపైన 1.00 అని పట్టిక ఉంది. 24 గేజి అంటే 0.70. కాబట్టి గీసిన రోజున ఆ డక్టు సరిగ్గానే ఉంది.

నెల తర్వాత ఆ కారిడార్‌లో దూలం కిందకి దిగింది. ఇంజనీరు డక్టును 1000×300 చేశారు. గాలి పోయే వైశాల్యం దాదాపు అంతే, వేగంలో పెద్ద తేడా లేదు, సీలింగు ఎత్తు దక్కింది. అందరూ సంతోషించారు. కానీ పొడవైన భుజం 750 దాటి 1000కి వెళ్ళింది. షీటు 0.85 కావాలి. టైపు పేరు మాత్రం 24 గేజి అనే చెబుతూ ఉండిపోయింది. సైజు మార్చినప్పుడు టైపు కూడా మార్చాలని ఎవరికి గుర్తుంటుంది? మీటరుకు బరువు 12.1 కిలోల నుంచి 17.3 కిలోలకు పోవాల్సింది, మా లెక్కలో 14.3 దగ్గరే ఆగింది.

తప్పు గీసినవారిది కాదు. మందం అనేది స్థిరంగా ఉండే గుణం కాదు. ప్రెజర్ క్లాసు, పొడవైన భుజం, స్టిఫెనర్ల ఎడం, ఈ మూడూ కలిసి తేల్చే ఫలితం అది. ఎస్‌ఎమ్‌ఏసీఎన్‌ఏ అనే అమెరికా షీటు మెటల్ కాంట్రాక్టర్ల సంఘం డక్టు నిర్మాణ ప్రమాణాల్లోని పట్టికలు చూసినవారికి ఇది కొత్త కాదు. 125, 250, 500, 750, 1000, 1500, 2500 పాస్కల్ అని ఒక్కో క్లాసుకు ఒక్కో పట్టిక, అందులో సైజును బట్టి, ఎడాన్ని బట్టి షీటు మందం. లెక్క కడితే వచ్చే జవాబును తీసుకెళ్ళి టైపు పేరులో రాయడమే నేను చేసిన మొదటి తప్పు.

గేజి అన్న మాటలో ఇంకో గొయ్యి ఉంది. ల్యాబు ఎగ్జాస్ట్ కోసం మా కుర్రవాడొకడు "ఎస్ఎస్ 24 గేజి" అని టైపు చేశాడు, జీఐ టైపును కాపీ చేసి పేరు మార్చి. గాల్వనైజ్డ్ షీటులో 24 గేజి అంటే 0.70 మి.మీ. స్టెయిన్‌లెస్‌లో అదే 24 గేజి 0.6 చిల్లర. అల్యూమినియంలో 0.51. అంకె ఒకటే, షీట్లు మూడు. బరువు సూత్రంలో మూడింటికీ 0.70 పడింది. ఆ రోజు నుంచి మా ఆఫీసులో గేజి అన్న మాట నోటితో మాట్లాడుకోవడానికే, మోడల్‌లో మిల్లీమీటర్లే.

కిచెన్ డక్టు బరువు

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. కిచెన్ డక్టు 900×450. వంట నూనె ఆవిరి మోసే డక్టుకు ఎన్‌ఎఫ్‌పీఏ 96 అనే అమెరికా అగ్నిభద్రతా ప్రమాణం ప్రకారం కనీసం 1.52 మి.మీ. కార్బన్ స్టీల్ గానీ, 1.21 మి.మీ. స్టెయిన్‌లెస్ గానీ ఉండాలి. అతుకులన్నీ బయటి నుంచి ద్రవం కారనంత గట్టిగా, తెగకుండా వెల్డింగు చేయాలి. కారణం తెలిసిందే. డక్టు లోపల జిడ్డు పేరుకుంటుంది, ఒక రోజు అంటుకుంటుంది. జింకు సుమారు 420 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. మామూలు ఫ్లాంజి జాయింటులోని రబ్బరు, సీలెంటు ఆ మంట ముందు ఎంతసేపు నిలుస్తాయి? అందుకే స్పెసిఫికేషన్ 1.6 మి.మీ. మైల్డ్ స్టీల్ అంది.

ఇక్కడ షీటు పేరు మారడంతో ఆగదు. చుట్టుకొలత 2.7 మీటర్లు కాబట్టి మీటరు డక్టుకు 2.7 చదరపు మీటర్ల షీటు. ఉక్కు సాంద్రత 7850 తీసుకుంటే 0.85 మి.మీ. షీటుతో మీటరుకు 18 కిలోలు. 1.6 మి.మీ.తో 34 కిలోలు. దాని చుట్టూ నిప్పును ఆపే చుట్టుడు పొరలు అదనం. స్లాబు కింద డక్టును వేలాడదీసే హ్యాంగర్ల ఎడం, కడ్డీల సైజు, యాంకర్ల ఎంపిక ఎక్కడి నుంచి వచ్చాయి? మా మోడల్ ఇచ్చిన బరువు నుంచి. స్ట్రక్చరల్ ఇంజనీరు 18 కిలోలు అనుకొని లెక్క కట్టారు. ఆయనకు అబద్ధం చెప్పింది మా షెడ్యూల్. అదృష్టవశాత్తూ అప్పటికి హ్యాంగర్లు డ్రాయింగులోనే ఉన్నాయి, స్లాబులోకి ఎక్కలేదు.

ఎల్బోల సంగతి మరీ అన్యాయం. మా బరువు లెక్కలో తిన్నటి డక్టు ముక్కలు మాత్రమే ఉన్నాయి. ఎల్బో, టీ, ట్రాన్సిషన్ వంటి ఫిట్టింగులు రెవిట్‌లో వేరే కేటగిరీ. డక్టుకు షెడ్యూల్‌లో ఉపరితల వైశాల్యం తయారుగా వస్తుంది, మేము వాడిన ఫిట్టింగు ఫ్యామిలీల్లో అటువంటిదేమీ లేదు. కాబట్టి వాటిని లెక్కలోకి తీసుకోకుండా, పైన పదిహేను శాతం కలిపి ఊరుకున్నాం. ఆ పదిహేను ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ముందు పనిచేసినవారిని అడగాలి. కిచెన్ డక్టు షాఫ్టులోకి తిరిగే చోట ఒక్క ఎల్బోను విడిగా తూచి చూశాను, కాగితం మీదే లెండి. 900 భుజం వైపు మలుపు, మధ్యరేఖ వ్యాసార్థం 1350. 90 డిగ్రీల చాపం పొడవు 2.12 మీటర్లు. దీర్ఘచతురస్ర ఎల్బోకు ఒక అందమైన సౌలభ్యం ఉంది: మధ్యరేఖ చాపాన్ని చుట్టుకొలతతో గుణిస్తే షీటు వైశాల్యం ఉజ్జాయింపుగా కాదు, కచ్చితంగా వస్తుంది. బయటి వంపులో పెరిగినంతా లోపలి వంపులో తగ్గుతుంది. 2.7 ఇంటూ 2.12, అంటే 5.7 చదరపు మీటర్లు, 72 కిలోలు. ఒక్క ఎల్బో రెండు మీటర్ల తిన్నటి డక్టంత బరువు. అలాంటివి ఆ లైనులో ఐదున్నాయి. లైను మొత్తం పొడవే అంతంతమాత్రం, పదిహేను శాతంతో అది తీరేది కాదు.

లైనింగు: కనిపించని ఇరుకు

వెతుకుతుంటే బయటపడ్డ మరో విషయం మెటీరియల్ కంటే ఎక్కువ భయపెట్టింది. ఏహెచ్‌యూ (గాలిని చల్లబరిచి పంపే యంత్రం) గది నుంచి బయటికి వచ్చే డక్టులకు శబ్దం తగ్గడానికి లోపల 25 మి.మీ. లైనింగు ఉంది. రెవిట్‌లో ఇన్సులేషన్, లైనింగు రెండూ డక్టు మీద ఆధారపడే విడి వస్తువులు. వాటికి తమ టైపు, మెటీరియల్, మందం ఉంటాయి. లైనింగు వేస్తే డక్టు సైజు మారదు. 600×400 అని గీస్తే షీటు సైజు 600×400 గానే ఉంటుంది. గాలికి మిగిలిన దారి ఎంతో చెప్పేది ఫ్రీ సైజు అనే వేరే గడి, అందులో 550×350 కనిపిస్తుంది. మేము ఫ్యాను పీడనం లెక్కకు షెడ్యూల్‌ను స్ప్రెడ్‌షీటులోకి పంపేటప్పుడు తీసుకున్నది సైజు గడి.

గరుకుదనం కూడా అంతే. అది డక్టు టైపు గుణం. లైనింగు వేసినంత మాత్రాన మారదు. టైపులో ఉన్నది 0.09 మి.మీ., గాల్వనైజ్డ్ షీటుకు తగిన విలువ. పీచు లైనింగుకు 0.9 మి.మీ. తీసుకోవాలి, పది రెట్లు.

సెకనుకు 1.44 ఘనపు మీటర్ల గాలికి లెక్క కట్టి చూశాను. 600×400 నున్నటి డక్టులో వేగం సెకనుకు 6 మీటర్లు, మీటరుకు పీడన నష్టం 0.76 పాస్కల్. గరుకుదనం ఒక్కటి మారిస్తే 1.08. గరుకుదనంతో పాటు లోపలి దారి 550×350 అని కూడా ఒప్పుకుంటే వేగం 7.5కి పోతుంది, నష్టం 1.92. రెండున్నర రెట్లు. ఆ లైనింగు ఉన్నది కొన్ని మీటర్లే కాబట్టి ఫ్యాను మార్చాల్సిన అవసరం రాలేదు. కానీ శబ్దం తగ్గించడానికి వేసిన లైనింగు వల్ల గాలి వేగం పెరిగి మళ్ళీ శబ్దమే పెరగడం, తెలివైన పని అనిపించుకోదు. ఏహెచ్‌యూ గది దగ్గర ఆ డక్టులను 650×450కి పెంచాం, లోపల 600×400 మిగిలేలా.

ఏం మార్చాం

నాలుగు రోజులు మోడల్ పని ఆపి, స్పెసిఫికేషన్ ముందు పెట్టుకుని కూర్చున్నాం. నేను, గాలి లెక్కలు చూసే ఇంజనీరు, డ్రాఫ్టింగు బృందం నుంచి ఒకరు. ముందుగా తేల్చుకున్నది ఏ సంగతి ఎక్కడ ఉండాలన్నది. ఒక సంగతి ఒకే చోట రాయాలి, మిగతా చోట్ల దాన్ని చదవాలి తప్ప మళ్ళీ రాయకూడదు.

డక్టు సైజుతో నిమిత్తం లేకుండా ఉండేవి టైపులోకి వెళ్ళాయి. షీటు రకం, జింకు పూత, ప్రెజర్ క్లాసు, సీల్ క్లాసు, జాయింటు పద్ధతి, గరుకుదనం. జింకు పూత అంటే ఉదాహరణకు జెడ్275, రెండు వైపులా కలిపి చదరపు మీటరుకు 275 గ్రాముల జింకు. ఇదీ మెటీరియల్‌లో భాగమే, జీఐ అని రాసి ఊరుకుంటే తక్కువ పూత షీటు వచ్చి కూర్చుంటుంది. సీల్ క్లాసు గురించి మా బృందంలోనే రెండు అభిప్రాయాలుండేవి. 'ఏ' (A) క్లాసు అయితే గాలి కారకుండా అడ్డు జాయింట్లు, పొడవు సీములు, డక్టు గోడలో పడ్డ రంధ్రాలు మూడూ మూయాలి. బీ అయితే మొదటి రెండు. సీ అయితే అడ్డు జాయింట్లు మాత్రమే. స్పెసిఫికేషన్ అన్నిటికీ 'ఏ' క్లాసు అంది, కాబట్టి వాదన అక్కడితో తెగిపోయింది.

వీటన్నిటినీ కలిపి ఒక్కో కూర్పుకు ఒక చిన్న కోడు ఇచ్చాం. డీ1 అంటే గాల్వనైజ్డ్, జెడ్275, 250 పాస్కల్. డీ2 అంటే అదే షీటు, 500 పాస్కల్. డీ3 లైనింగు ఉన్నది. డీ5 ల్యాబు స్టెయిన్‌లెస్. డీ7 కిచెన్. మొత్తం తొమ్మిది. కోడులో అర్థం ఇరికించకూడదని నేను పట్టుబట్టాను. కోడు చూస్తే మెటీరియల్ తెలియాలి కదా అని డ్రాఫ్టింగు వారు వాదించారు. తెలిసిందంటే మళ్ళీ పేరునే నమ్ముతారు. డీ7 అంటే ఏమిటో తెలియనివారు పట్టిక చూడాల్సిందే. ఆ పట్టిక స్పెసిఫికేషన్‌లో ఒక పేజీ, డ్రాయింగు షీటు మీద ఒక మూల, టైపు గుణాల్లో ఒక్కో గడి. మూడూ ఒకటే పట్టిక.

సైజును బట్టి మారేది మందం, అంటే ఒక్కో డక్టుకు విడిగా ఉండాలి. దాన్ని ఇన్‌స్టెన్స్ పారామీటర్‌గా పెట్టాం. షెడ్యూల్ సూత్రంలో లెక్క కట్టవచ్చు గానీ అలా వచ్చిన అంకెను ట్యాగులో (డ్రాయింగులో డక్టు పక్కన పడే చీటీలో) చూపించలేం, షరతును బట్టి రంగు వేసే వ్యూ ఫిల్టర్‌కు అందదు. అందుకని రెవిట్‌తో పనిచేసే డైనమో అనే సాధనంలో చిన్న స్క్రిప్టు రాశాం. అది డక్టు టైపు కోడు చదువుతుంది, వెడల్పు ఎత్తుల్లో పెద్దది తీసుకుంటుంది, పట్టిక చూసి మిల్లీమీటర్లలో మందం రాస్తుంది. ట్రాన్సిషన్‌కు రెండు చివర్లలో పెద్ద చివరను చూస్తుంది. డీ7 అయితే సైజు చూడకుండా 1.6 రాసేస్తుంది.

ఫిట్టింగులే మమ్మల్ని ఎక్కువ ఏడిపించాయి. డక్టు ఏ టైపో ఫిట్టింగుకు తెలియదు. డీ7 డక్టుకు తగిలించిన ఎల్బో తాను డీ7 అని ఎలా చెప్పాలి? దీనికి దారి రూటింగ్ ప్రిఫరెన్సెస్‌లోనే ఉంది. ప్రతి ఫిట్టింగు ఫ్యామిలీలో తొమ్మిది కోడులకు తొమ్మిది టైపులు చేశాం, ఒక్కోదానిలో అవే గడులు నింపాం. ఆపైన డీ7 డక్టు టైపు రూటింగ్ ప్రిఫరెన్సెస్‌లో డీ7 ఎల్బో, డీ7 టీ, డీ7 ట్రాన్సిషన్, డీ7 యూనియన్, డీ7 క్యాప్ పెట్టాం. ఇక డక్టు గీస్తూ మలుపు తిప్పితే సరైన ఎల్బోనే వస్తుంది. పని విసుగు పుట్టించేదే, రెండు రోజులు అదే సరిపోయింది, కానీ ఒకసారి చేస్తే టెంప్లేటులో ఉండిపోతుంది. ఎల్బో, ట్రాన్సిషన్, టీ ఫ్యామిలీల్లో వైశాల్యం సూత్రాలు కూడా అప్పుడే రాశాం. ఎల్బోది పైన చెప్పిందే. ట్రాన్సిషన్‌కు రెండు చివర్ల చుట్టుకొలతల సగటును పొడవుతో గుణించాం. ఇది ఉజ్జాయింపే, వాలు ఎక్కువైతే తక్కువ చూపిస్తుంది, మా వాటిలో అంత వాలు లేదు.

సిస్టమ్ టైపులను కూడా విడదీశాం. కిచెన్ ఎగ్జాస్ట్, ల్యాబు ఎగ్జాస్ట్, టాయిలెట్ ఎగ్జాస్ట్ ఇప్పుడు మూడు. వాటి మెటీరియల్ గడిలో రంగులు పెట్టాం, కిచెన్‌కు ఎర్రమట్టి రంగు. అది రంగు మాత్రమేనని అందరికీ చెప్పాం.

పాత మోడల్‌ను మార్చడం

కొత్త డక్టు గీయడం తేలిక. ఉన్నవాటిని మార్చడమే కష్టం. ఒక్క డక్టును ఎంచుకుని టైపు మారిస్తే ఆ ముక్క మాత్రమే మారుతుంది, పక్కనున్న ఎల్బో పాత టైపులోనే ఉంటుంది. డక్టు లైను మొత్తం ఎంచుకుని చేంజ్ టైప్ ఆదేశం వాడితే రూటింగ్ ప్రిఫరెన్సెస్ ప్రకారం ఫిట్టింగులు కూడా మారతాయి. డక్టు టైపు ముందే సరిగ్గా ఉండి ఫిట్టింగులు పాతవి మిగిలిపోతే రీఅప్లై టైప్ ఉంది. ఈ రెండింటికీ తేడా తెలియక మొదటి రోజు మావాళ్ళు ఒక్కో ఎల్బోను చేత్తో మార్చారు.

చేంజ్ టైప్ కూడా అన్ని చోట్లా మాట వినదు. ఇరుకు చోట ఎవరో ప్రత్యేకంగా తక్కువ వ్యాసార్థం ఎల్బో పెట్టి ఉంటారు. లైను మొత్తం మార్చగానే అక్కడ పొడవైన ఎల్బో వచ్చి పడుతుంది, జాగా చాలదు, కనెక్షన్ తెగిపోతుంది. అందుకని అంతస్తు అంతస్తుగా, సిస్టమ్ సిస్టమ్‌గా మార్చాం. మార్చిన ప్రతిసారీ తెగిన చివరల కోసం డిస్‌కనెక్ట్ హెచ్చరికలు చూశాం. కిచెన్ లైనును ముందు చేశాం, ఫాబ్రికేటర్ ఎదురుచూస్తున్నది దానికోసమే.

తనిఖీ కోసం ఒక షెడ్యూల్ విడిగా పెట్టాం. అది డ్రాయింగు మీదికి వెళ్ళదు, మాకోసమే. డక్టులకు ఒకటి, ఫిట్టింగులకు ఒకటి. ఒక వరుసలో స్క్రిప్టు రాసిన మందం, పక్క వరుసలో షెడ్యూలే సూత్రంతో అప్పటికప్పుడు కట్టిన మందం, మూడో వరుసలో తేడా. ఎవరైనా సైజు మార్చి స్క్రిప్టు నడపడం మరచిపోతే తేడా సున్నా కాదు, ఆ గడి ఎర్రగా మారుతుంది. కారిడార్ డక్టు ఆ రోజే ఎర్రబడింది. కోడు ఖాళీగా ఉన్నవి, కిచెన్ సిస్టమ్‌లో ఉండి డీ7 కానివి, లైనింగు ఉండి డీ3 కానివి కూడా వ్యూ ఫిల్టర్లతో ఎర్రగా కనిపించేలా చేశాం. మొదటిసారి ఫిల్టర్ వేసినప్పుడు మూడో అంతస్తు ప్లాను పెళ్ళి పందిరిలా వెలిగింది.

దక్కింది, దక్కనిది

రెండు వారాల తర్వాత పంపిన షెడ్యూల్‌లో కోడు, షీటు, మందం మిల్లీమీటర్లలో, వైశాల్యం, బరువు ఉన్నాయి, ఫిట్టింగులతో సహా. హ్యాంగర్ల లెక్క మళ్ళీ కట్టారు. కిచెన్ లైనులో హ్యాంగర్ల ఎడం తగ్గింది, రెండు చోట్ల కడ్డీకి బదులు ఛానెల్ వచ్చింది. ఫాబ్రికేటర్ తన లెక్కతో మా బరువులను పోల్చి చూశారు. తిన్నటి డక్టుల్లో తేడా ఫ్లాంజిలదీ స్టిఫెనర్లదీ. అవి మేము మోడల్ చేయలేదు, చేయబోమని ముందే చెప్పాం. మా షెడ్యూల్ మీద "షీటు మాత్రమే" అని ఒక వాక్యం పెట్టాం.

ఫ్లెక్సిబుల్ డక్టులు ఈ పద్ధతిలో సరిగ్గా ఒదగలేదు. వాటికి వేరే కేటగిరీ, వేరే టైపులు. రూటింగ్ ప్రిఫరెన్సెస్ నుంచి కోడు రాదు. వాటికి డీ9 అని ఇచ్చి చేత్తో నింపుతున్నాం. గరుకుదనం ఎంత పెట్టినా, సైటులో దాన్ని పూర్తిగా లాగి కడతారా, ముడతలు పడేసి వదిలేస్తారా అన్నదాన్ని బట్టి నష్టం మారుతుంది. అది మోడల్ చేతిలో లేదు.

ఐఎఫ్‌సీ ఫైలుగా (వేర్వేరు సాఫ్ట్‌వేర్లు చదవగల మోడల్ ఫైలు) పంపేటప్పుడు కూడా ఒక సర్దుబాటు చేసుకున్నాం. అక్కడ తిన్నటి డక్టు ఒక తరగతి, ఫిట్టింగు ఇంకో తరగతి. మా గడులు రెండింటికీ విడిగా మ్యాప్ చేయాలి. మొదటిసారి డక్టులకు మాత్రమే చేసి పంపాం. అవతలివారి వైపు ఎల్బోలన్నీ కోడు లేకుండా చేరాయి. అలవాటు పోలేదన్నమాట, ఫిట్టింగులను మళ్ళీ మరచిపోయాం.

తర్వాతి ప్రాజెక్టు కొత్త టెంప్లేటుతో మొదలైంది. తొమ్మిదే టైపులు. మూడో నెలలో తనిఖీ షెడ్యూల్ తెరిస్తే పదోది కనిపించింది: "జీఐ 24 గేజి". కోడు ఖాళీ, అడ్డు వరుసంతా ఎర్రగా ఉంది. ఎవరి పని అని బృందంలో అందరినీ అడిగాను, ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి ఆ డక్టు ఎక్కడుందో వెతికి చూశాను. ఏహెచ్‌యూ గది. పాత ప్రాజెక్టులో గది అమరిక బాగా కుదిరిందని, అక్కడి నుంచి యంత్రాన్ని దాని చుట్టూ ఉన్న డక్టులతో సహా కాపీ చేసి తెచ్చిపెట్టింది నేనే. వస్తువుతో పాటు దాని టైపు కూడా వెంట వచ్చింది. మార్పులు చేయకముందు దాచిన కాపీ నుంచి తెచ్చానన్నమాట.